మల్కాపురంలో బాయిలర్ సూట్లు కుట్టే దుకాణం: గుడ్డ బాగుంది, కుట్టు బాగుంది, ఆర్డర్లు నిలకడగా ఉండాలి

వైజాగ్‌లో ఓడల పనికి మనుషుల్ని పంపే చిన్న కాంట్రాక్టర్లు, వర్క్‌షాపుల వాళ్ళు ఎవరైనా సరే, ఈసారి బాయిలర్ సూట్లు (చొక్కా, ప్యాంటు ఒకటిగా కలిపి కుట్టిన పనిబట్టలు) డజన్ల లెక్కన రెడీమేడ్‌గా తెప్పించే ముందు మల్కాపురం వెళ్ళి ఒక్క జత కుట్టించి చూడండి. నేను గాజువాక ఆటోనగర్‌లో పైపు ఫ్యాబ్రికేషన్ చేసే చిన్న యూనిట్‌లో స్టోర్స్, పర్చేజు చూస్తాను. ఓడల్లో బిగించే పైపు ముక్కలు మా దగ్గర తయారవుతాయి. వాటిని బిగించడానికి మా కుర్రాళ్ళే ఓడ ఎక్కుతారు. వాళ్ళు వేసుకునే సూట్లు, గ్లౌజులు, బూట్లు, కళ్ళద్దాలు అన్నీ కొనేది నేనే. రెండు ఉతుకులకే చంకల్లో విడిపోయిన సూట్లు తిరిగొస్తుంటే వాటిని లెక్క రాసుకుని విసిగిపోయిన దాన్ని కాబట్టి, మంచి కుట్టు దొరికినప్పుడు నలుగురికీ చెప్పాలనిపించింది.

దుకాణం మార్కెట్ దాటాక లోపలి సందులో, సైకిల్ రిపేర్ షాపు పక్కన. మూడు మిషన్లు, గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, గోడ పొడవునా కటింగ్ బల్ల. బోర్డు మీద ఎప్పుడో వేయించిన కోటు, సూటు బొమ్మలున్నాయి గాని లోపల కుట్టేవన్నీ పనిబట్టలే. మాస్టర్ పేరు, నంబరు ఇక్కడ పెట్టడం లేదు. ఫోన్లు ఎక్కువైతే మిషన్ మీద కూర్చోవడం కుదరదని ఆయనే వద్దన్నారు. సందులోకి వెళ్ళి పనిబట్టల టైలర్ ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు.

ముందు గుడ్డ సంగతి. బయట ఆరేడు వందలకి దొరికే సూట్లలో చాలావాటిలో పాలిస్టర్ కలిసి ఉంటుంది. ముడతలు పడవు, రంగు పోదు, చూడ్డానికి నీటుగా ఉంటాయి. కాని వెల్డింగ్ నిప్పురవ్వ పడితే ఆ గుడ్డ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలు గుడ్డైతే చిన్న చిల్లు పడి మాడి ఊరుకుంటుంది. కొత్త తాను వచ్చినప్పుడల్లా మాస్టర్ అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల గీసి అంటిస్తారు. కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళ మధ్య బూడిదై రాలిపోతే నూలు. చివర గట్టిగా పూస కట్టిందంటే పాలిస్టర్ కలిసినట్టే. బట్టల కొట్టువాళ్ళు బిల్లు మీద ఏం రాసిచ్చినా, ఈ పరీక్ష కాకుండా ఆయన కత్తెర పట్టరు.

ఇక కుట్టు. తలపైన వెల్డింగ్ చేసేవాడు చెయ్యెత్తితే మామూలు సూటు మొత్తం పైకి లాక్కుపోయి కాళ్ళ సందులో పట్టేస్తుంది. మాస్టర్ చంక కింద నలుపలకల ముక్క ఒకటి అదనంగా వేస్తారు, చెయ్యి ఎంత పైకి లేపినా నడుము దగ్గర కదలదు. జేబులన్నిటికీ మూతలు, ఎందుకంటే తెరిచున్న జేబులో వేడి స్లాగు (వెల్డింగ్ మీద నుంచి రాలే పెంకు) ముక్క పడిందంటే బయటికి తీసేలోపు తొడ కాలుతుంది. ఇత్తడి జిప్పు, దాని మీద గుడ్డ పట్టీ. కాలి దగ్గర బయటికి మడత వెయ్యరు, రవ్వలు అందులోనే చేరతాయి కాబట్టి. మోకాళ్ళకి రెండో పొర తప్పనిసరి. ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే డబల్ బాటమ్ ట్యాంకుల్లో మా కుర్రాళ్ళు పాక్కుంటూ పని చేస్తారు, అక్కడ మొదట చిరిగేది మోకాలే. ఇవేవీ ఆయనకి చెప్పి చేయించుకోనక్కర్లేదు. "పనేటమ్మా?" అని ఒక్క మాట అడుగుతారు, వెల్డర్ అంటే ఒక రకం, ఫిట్టర్ అంటే ఇంకో రకం కట్ చేస్తారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆడవాళ్ళ సూటు. క్లీనింగుకీ, పెయింటింగ్ హెల్పర్లుగానూ వెళ్ళే ఆడవాళ్ళకి ఇన్నాళ్ళూ మగవాళ్ళ కొలతల సూట్లే ఇచ్చేవాళ్ళు. భుజాలు జారిపోయి, నడుము దగ్గర బిగుసుకుపోయి, అన్నిటికంటే ముఖ్యంగా బాత్రూముకి వెళ్ళాలంటే మొత్తం విప్పాల్సి వచ్చేది. దానికి భయపడి పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు నాకు తెలుసు. మాస్టర్ భార్య ఇది విని చొక్కా, ప్యాంటు విడివిడిగా కుట్టి, నడుము దగ్గర గుండీలతో కలిపే పద్ధతి పెట్టారు. గేటు దగ్గర చూసేవాళ్ళకి ఒకే సూటులా కనిపిస్తుంది. కాజాలు, గుండీలు ఆవిడే చేస్తారు, ఒక్క గుండీ ఊడి వచ్చింది లేదు. దీనికి యాభై రూపాయలు ఎక్కువ తీసుకుంటారు, వంద తీసుకున్నా నేను ఇస్తాను.

ధరల విషయానికొస్తే, మందపాటి నూలు డ్రిల్లు గుడ్డా కుట్టూ కలిపి వెల్డర్ సూటు వెయ్యి దాటుతుంది. ఎలక్ట్రీషియన్లకి, పైపు ఫిట్టర్లకి కుట్టే పల్చటిది దానికంటే తక్కువ. రెడీమేడ్ కంటే ఎక్కువే. కాని మా స్టోర్స్ పుస్తకం ప్రకారం ఆ చవక సూటు ఏడాది తిరక్కుండానే పోయి రెండోది కొనాల్సి వస్తోంది, ఇది ఏడాదంతా లాగుతుంది. మోకాలు పోతే పైన ముక్కేసి ఇస్తారు, ముప్పై నలభైతో పోతుంది.

ఇక్కడ దాకా దుకాణం గురించి. ఇప్పుడు చెప్పేది కూడా దుకాణం గురించే గాని, కొంచెం దూరం తీసుకెళ్తాను.

మాస్టర్ వాళ్ళ నాన్నగారు ఖాకీ చొక్కాలతో మొదలుపెట్టారట. ఈ సందుకి పని ఇచ్చేది ఓడలు కట్టే హిందుస్థాన్ షిప్‌యార్డు. ఆ యార్డుకి 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. అప్పట్లో అది వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీది. 1948 మార్చిలో నెహ్రూ గారు జల ఉష ఓడని నీళ్ళలోకి దించారు. 1952లో ప్రభుత్వం వాటా తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది, 1961కి మొత్తం ప్రభుత్వానిదైంది, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్ళింది. సర్కారు ఆ యార్డులో డబ్బు పెట్టినప్పుడు ఈ సందుకి పని ఉంది. ఆర్డర్లు లేనప్పుడు మాస్టర్ స్కూలు యూనిఫాంలు కుట్టుకున్నారు.

ఆయన దగ్గర కొలతల పుస్తకాలున్నాయి, పొడుగాటి బౌండు పుస్తకాలు. తేదీ, పేరు, పని, ఛాతీ, నడుము, పొడవు. నాకు లెక్కలంటే ఇష్టమని తెలిసి ఒకరోజు తీసి చూపించారు. 2023 ఆగస్టు 25న నేవీకి అయిదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులు కట్టి ఇవ్వడానికి రక్షణ శాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుతో సుమారు 19,000 కోట్ల ఒప్పందం చేసుకుంది. ఒక్కో ఓడ 44,000 టన్నులు, నడిసముద్రంలో యుద్ధనౌకలకి ఆయిలు, మంచినీళ్ళు, మందుగుండు, సామాన్లు అందించేవి. ఏళ్ళ తరబడి చర్చల్లోనే నానిన ఆర్డరు అది. ఊరంతా సంబరపడింది. మాస్టర్ పుస్తకంలో ఆ నెలా, దాని తర్వాతి నెలా మామూలుగానే ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో మొదటి ఓడకి స్టీల్ కోత మొదలైంది. అప్పుడు పేజీలు నిండడం మొదలైంది, అన్నీ మందపాటి డ్రిల్లు సూట్లు, గ్యాస్ కటర్లు, గ్రైండర్లు, వెల్డర్లవి. నవంబరులో కీల్ (ఓడకి వెన్నెముక లాంటి అడుగు భాగం) వేశారు, ఆ తర్వాత ఇంకా పెరిగింది.

అంటే సంతకం పెట్టిన రోజు సందులోకి డబ్బు రాదు. స్టీలు ప్లేటు కోసిన రోజు వస్తుంది. అదీ విడతల్లో వస్తుంది. ఓడ ఒళ్ళు కట్టేటప్పుడు వెల్డర్లు, నీళ్ళలోకి దించాక పైపులు, కేబుళ్ళు వేసేవాళ్ళు, చివర్లో బ్లాస్టింగు, పెయింటు వాళ్ళు. నిస్తార్, నిపుణ్ అనే రెండు డైవింగ్ సపోర్ట్ నౌకల్ని (సముద్రంలోకి దిగే డైవర్లకి సాయంగా ఉండేవి) ఇక్కడే కట్టారు కదా. ఒప్పందం 2018లో, రెండింటినీ నీళ్ళలోకి దించింది 2022 సెప్టెంబరులో. నిస్తార్ నేవీలో చేరింది 2025 జులైలో. ఆ ఒక్క ఓడకే 120 చిన్న, మధ్యతరహా సంస్థలు సామాను, పని అందించాయని ప్రభుత్వమే చెప్పింది. ఆ రెండింటినీ నీళ్ళలోకి దించాక, కొత్త ఓడలకి స్టీల్ కోత మొదలయ్యేదాకా మాస్టర్ పుస్తకం నిండా జేబులెక్కువున్న పల్చటి సూట్లే. "ఏటమ్మా, మీ కుర్రోళ్ళందరికీ పల్చగుడ్డే రాయిస్తన్నావు, స్టీలు పనైపోనాదేటి?" అని ఆయన నన్నే అడిగేవారు. లోపల ఓడ ఏ దశలో ఉందో బయట కూర్చున్న టైలరు గుడ్డ మందాన్ని బట్టి చెప్పగలడు.

పుస్తకంలో పేర్లు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సగం మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు. మిగతావి ఒడిశా, బీహార్, జార్ఖండ్ పేర్లు. మల్కాపురం, శ్రీహరిపురంలో గదులు అద్దెకి తీసుకుని నలుగురైదుగురు కలిసి వండుకుంటారు. అద్దె, కూరగాయలు, రీఛార్జి, సూటు కుట్టుకూలి ఇక్కడ ఖర్చు పెడతారు, మిగిలింది ఇంటికి పంపుతారు. నేవీ ఓడకి పెట్టిన రూపాయిలో కొంత టెక్కలిలో ఇంటి స్లాబుగా, ఇంకొంత గంజాంలో చెల్లెలి పెళ్ళిగా మారుతుంది. దీన్ని నేను తక్కువగా చూడను. మా వెల్డర్లలో ఒకడు అలాగే ముగ్గురు తమ్ముళ్ళని ఐటీఐ చదివించాడు.

మరి 19,000 కోట్లూ వైజాగ్‌లో పారతాయా అంటే, లేదు. ఈ ప్రాజెక్టు 8 ఏళ్ళలో దాదాపు 168.8 లక్షల పనిదినాలు కల్పిస్తుందని ప్రభుత్వం లెక్క. ఏడాదికి 300 రోజులు పని అనుకుంటే ఏడువేల మందికి ఎనిమిదేళ్ళ పాటు చేతినిండా పని. చాలా పెద్ద విషయం. కాని అదే 19,000 కోట్లని ఆ పనిదినాలతో భాగించి చూడండి, రోజుకి పదకొండు వేల పైచిలుకు వస్తుంది. మా వెల్డరు కూలి అందులో పదోవంతుకి కాస్త అటూ ఇటూ. మిగతాదంతా స్టీలు, ఇంజన్లు, పంపులు, కేబుళ్ళు, డిజైను, వడ్డీ. అవి ఎక్కడ తయారైతే డబ్బు అక్కడికి పోతుంది. మనకి కూతవేటు దూరంలో స్టీల్ ప్లాంటు ఉంది, కాని అది చేసేది కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ళ లాంటివి. ఓడ ఒంటికి కావాల్సింది ప్లేటు. అది బయటి ఊళ్ళ నుంచి రావాలి. అయిదింటిలో రెండు ఓడల నిర్మాణం చెన్నై దగ్గర కాట్టుపల్లి ఎల్ అండ్ టీ యార్డుకి ఇచ్చారు, టైముకి అందించాలి కాబట్టి. దేశానికి అది సరైన పనే, నేవీకి ఓడ ఆలస్యమైతే ఎవరికీ మంచిది కాదు. కాకపోతే ఆ రెండు ఓడల సూట్లు మాస్టర్ కుట్టరు.

ఓడల నిర్మాణంలో ఒక ఉద్యోగం ఇస్తే మొత్తం మీద ఉపాధి 6.4 రెట్లు అవుతుందని, పెట్టుబడి 1.8 రెట్లుగా తిరిగొస్తుందని ప్రభుత్వ ప్రకటనల్లో రాస్తారు. కొచ్చిన్‌లో విమానాలు మోసే యుద్ధనౌక విక్రాంత్‌ని దాదాపు 20,000 కోట్లతో కట్టినప్పుడు యార్డువాళ్ళు రెండు వేల మంది, బయట పన్నెండున్నర వేల మంది పని చేశారని చెప్పారు. ఈ లెక్కల్ని నేను కొట్టిపారెయ్యను. పని చేసే చోట ఉన్నాను, నా కళ్ళతో చూస్తున్నాను. కాని ఆ రెట్లు ఎప్పుడు నిలబడతాయంటే, ఒక ఓడ పూర్తయ్యేసరికి ఇంకో ఓడ మొదలైనప్పుడు. మధ్యలో ఖాళీ వస్తే ఏమవుతుందో మాస్టర్ పుస్తకం చెబుతుంది.

ఒకప్పుడు ఆయన దగ్గర నలుగురు కుట్టేవారు. ఆర్డర్లు లేని రోజుల్లో ఇద్దరు ఆడవాళ్ళు అచ్యుతాపురంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ బ్రాండిక్స్‌కి వెళ్ళిపోయారు. నెలనెలా జీతం, బస్సు వచ్చి తీసుకెళ్తుంది, ఎందుకు తిరిగొస్తారు? ఇప్పుడు పని మీద పడుతుంటే మనుషులు లేరు. మా దగ్గరా అంతే. వెల్డరుకి పరీక్ష పెట్టి, అతను అతికిన ప్లేటు ఎక్స్‌రే తీసి, సర్టిఫికెట్ ఇచ్చాక ఓడ మీదికి పంపుతాం. ఆరు నెలలు ఆ రకం వెల్డింగు చెయ్యకపోతే ఆ సర్టిఫికెట్ చెల్లదు, మళ్ళీ పరీక్షే. ఖాళీ రోజుల్లో వాళ్ళు కొచ్చికి, గోవాకి, గల్ఫుకి పోతారు. ఆర్డరు తిరిగొచ్చినప్పుడు కొత్తవాళ్ళని పెట్టి, నేర్పి, ప్లేట్లు పాడుచేసుకుని మళ్ళీ మొదట్నుంచి కట్టుకోవాలి. ఆ ఖర్చు చివరికి ఓడ ధరలోకే పోతుంది, ఓడ ఆలస్యంలోకీ పోతుంది. నన్నడిగితే పదేళ్ళకోసారి వచ్చే ఇరవై వేల కోట్ల కంటే ఏటేటా వచ్చే రెండు వేల కోట్లే ఈ సందుకీ, నేవీకీ మంచిది. 2025 సెప్టెంబరులో కేంద్రం ఓడల నిర్మాణానికి 69,725 కోట్ల ప్యాకేజీ ఒప్పుకుంది. దాంతో వ్యాపార నౌకల ఆర్డర్లు వచ్చి నేవీ ఆర్డర్ల మధ్య ఖాళీలు పూడిస్తే, అదే అసలు లాభం అనుకుంటాను.

ఇంకో మాట, డబ్బు దిగే దారి గురించి. దశ పూర్తయితే ప్రభుత్వం యార్డుకి ఇస్తుంది, యార్డు పెద్ద కాంట్రాక్టరుకి, ఆయన మాకు, మేము మాస్టరుకి. పైన ఒకచోట ఆగితే కింద అందరికీ ఆగుతుంది. ఒకసారి మాకు పని ఇచ్చిన పెద్ద కాంట్రాక్టరు బిల్లు నెలల తరబడి తొక్కిపెట్టాడు. చిన్న సంస్థలకి 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉంది, చిన్న సంస్థగా రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి మేము కాగితం పెట్టి అడగగలిగాం. మాస్టరుకి ఆ రిజిస్ట్రేషనూ లేదు, అడిగే గొంతూ లేదు. గుడ్డ మాత్రం ఆయన సొంత డబ్బుతో తెచ్చారు. 19,000 కోట్ల ఓడకి అడుగున అప్పిచ్చి నడిపిస్తున్నది ఇలాంటి వాళ్ళే. అప్పట్నుంచి మా ఓనర్‌తో పోట్లాడి, మాకు బిల్లు వచ్చినా రాకపోయినా మాస్టరుకి వారంలో ఇచ్చేటట్టు ఒప్పించాను. మీరు కూడా ఆయన దగ్గర కుట్టిస్తే దయచేసి అరువు పెట్టకండి. ఆ రిజిస్ట్రేషన్‌నే ఉద్యమ్ అంటారు, దానికి ఆయనకి నేనే కాగితాలు తయారు చేస్తున్నాను.

లోపాలు కూడా చెప్పాలి. వేసుకుని చూసుకోవడానికి చోటు లేదు, పరదా వెనక తానుల మధ్య సర్దుకోవాలి. సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ ముందు, దసరా ముందు ఇచ్చిన తేదీకి ఇవ్వలేరు, పది రోజులు వెనకబడుతుంది. మెరిసే టేపు విషయంలో జాగ్రత్త, అడగకపోతే మామూలు రకం వేస్తారు, అది కొన్నాళ్ళకి పొరలు లేస్తుంది. మంచిది వెయ్యమని ముందే చెప్పండి, జతకి అరవై దాకా ఎక్కువ అవుతుంది. కొన్ని సైట్లలో నిప్పు తట్టుకునే సర్టిఫికెట్ ఉన్న గుడ్డే కావాలంటారు. అది ఆయన దగ్గర ఉండదు, మీరే గుడ్డ కొనిస్తే కుట్టిపెడతారు.

నా మార్కులు 5కి 4. ఒక మార్కు తగ్గించింది ఆలస్యానికే, ఇంకో ఇద్దరు మనుషులు దొరికితే అదీ ఇస్తాను.

వెళ్ళేవాళ్ళు సాయంత్రం షిఫ్టు వదిలే టైములో వెళ్ళకండి, సందులో నిలబడడానికి చోటుండదు. పదకొండు, పన్నెండు గంటల మధ్య ఖాళీగా ఉంటారు. కొలతకి మనిషిని సేఫ్టీ బూట్లతోనే తీసుకెళ్ళండి, చెప్పులతో ఇచ్చిన పొడవు తర్వాత కాలి దగ్గర పొట్టి అవుతుంది. పేరు, బ్లడ్ గ్రూపు కుట్టించాలంటే కాగితం మీద రాసివ్వండి. గుడ్డకి సగం అడ్వాన్సు. మంగళవారం సెలవు.